శిశువస్త్ర వ్యాపారము – మన ధర్మము

   

ఈ వార్షిక మహాసభయందు వ్యాపారమును గూర్చి మాటాడుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినప్పుడు మేము కొంత వెనుకాడితిమి. భాషాప్రవీణ చదివి, ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగును సంస్కృతమును బోధించి, విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయునికి వ్యాపారవిషయమున ఉపన్యసించు అధికార మెక్కడిది? శబ్దమంజరి పట్టిన చేతితో మూరబద్ద పట్టుట చూచి మా పాత శిష్యులు కొందరు నవ్వుకొనిరి కూడ. అయినను 2016వ సంవత్సరము నుండి మా కుమార్తె నడుపుచున్న చిన్నపిల్లల బట్టల దుకాణమునకు మేము లెక్కలు వ్రాయుచున్నాము. ఆ లెక్కల పుస్తకము మాకు ఒక పాఠము నేర్పినది. దానిని మీకు నివేదించుటకే నేడు నిలుచుంటిమి. అందు మా గొప్ప యేమియు లేదు. మేము చేసిన తప్పొకటి కలదు. అది దాచినచో ఈ ఉపన్యాసమునకు అర్థము లేదు.

మొదట మాకు తెలిసిన విద్యతో ప్రారంభింతుము. తంతువనగా నూలుపోగు. సాగదీయుట, విస్తరింపజేయుట యను అర్థముగల 'తన్' ధాతువు నుండి ఆ శబ్దము పుట్టినది. సంతానము, సంతతి యను శబ్దములును ఆ ధాతువు నుండియే పుట్టినవి. పడుగుగా సాగిన పోగు తంతువు. వంశమును సాగించు బిడ్డ సంతానము. మన పూర్వులు పోగును బిడ్డను ఒకే మాటతో తలచుకొనిరన్నమాట. పోగు తెగినచో నేతవాడు మగ్గము నాపి, ముడివేసి, మరల నాడె విసరును. తెగిన పోగును విడిచి ముందునకు పోవువాడు నేతగాడు కాడు. బిడ్డ విషయమునను ఇంతే.

మన కులపురాణము సైతము ఈ మాటయే చెప్పుచున్నది. పదునారేండ్లకే ఆయువు తీరునని తెలిసిన మార్కండేయుడు శివలింగమును కౌగిలించుకొనగా మృత్యువు వెనుదిరిగి పోయెను. ఆ మార్కండేయుని కుమారుడు భావనాఋషి పద్మతంతువులతో దేవతలకు వస్త్రములు నేసెననియు, మనము వారి వంశీయులమనియు పెద్దలు చెప్పుదురు. మన కథయందు మగ్గమునకంటె ముందు వచ్చినది మృత్యుముఖము నుండి తప్పిన బాలుడు. ప్రతి సంవత్సరము మార్కండేయ జయంతినాడు మనము ఊరేగించు విగ్రహము ఆ బాలునిదే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని మేము చెప్పబోవు వృత్తాంతమును వినుడు.

మా కుమార్తెకు మొదటి బిడ్డ పుట్టినది 2015వ సంవత్సరమున. మన యిండ్లలో పసిబిడ్డకు మొదట క్రొత్తబట్ట తొడుగరు. ఎన్నోమారు లుతికి మెత్తబడిన పాత పంచెనో, అమ్మమ్మ నూలుచీరనో చింపి అందులో పొదువుదురు. దీనిని పేదరికపు ఆచారమని కొందరు తలంతురు. కాని గంజియంతయు పోయి, నూలు మెత్తబడి, చెమటను పీల్చు గుడ్డ పసిచర్మమునకు ఎంత మేలో ఆ ఆచారము పెట్టిన తల్లులకు తెలియును. బారసాలనాటికి బంధువు లొకరు పట్టణపు టంగడి నుండి మెరుపు జాలరులు గల గౌనొకటి తెచ్చిరి. అది తొడిగిన రెండు గడియలలోనే బిడ్డ మెడ చుట్టును, చంకలలోను ఎఱ్ఱని దద్దురులు లేచినవి. మా గృహిణి ఆ గౌను విప్పివైచి, మంగళగిరి గుంటమగ్గముపై నేసిన మా పాత ఉత్తరీయమును కత్తిరించి, ఆ రాత్రియే చేతికుట్టుతో చిన్న జుబ్బా కుట్టినది. దానిని చూచిన పొరుగింటి తల్లి ఒకటి కావలెననెను. ఆమె చెల్లెలు మరి రెండు కోరెను. ఈ విధముగ మరుసటి యేడు మూడు కుట్టుమిషనులతో మా యింటి వసారాలో ఈ వ్యాపారము మొదలాయెను.

బిడ్డల బట్టలు కుట్టుట చిన్నపనియని మేము మొదట భ్రమసితిమి. గుడ్డ తక్కువ పట్టును గదాయని మా లెక్క. పని పెద్దదని పిమ్మట తెలిసినది. పెద్దవాడు బట్ట గుచ్చుకొన్నచో నోటితో చెప్పును. పసిబిడ్డ ఏడ్పొక్కటే ఎఱుగును. కావున కుట్టువాడే ఆ బిడ్డకు బదులు ఆలోచింపవలయును. మగ్గముపై పడుగునకు పెట్టిన గంజి పోవునట్లు గుడ్డను ముందుగా నానవేసి ఉతుకవలయును. లేనిచో కుట్టిన పిమ్మట మొదటి ఉతుకునకే బట్ట కుదించుకొని పోవును, గంజి బిడ్డను గీరును. కుట్టు అంచులు లోపలికి కాక వెలుపలికి గాని, మడతలో గాని పోవలయును. గుండీ గట్టిగా లాగినను ఊడిరాకుండవలయును, ఏలయన ఊడిన గుండీ బిడ్డ నోటికే పోవును. మెడయొద్ద త్రాడు పెట్టరాదు. త్రాడు ఊయెలకో తలుపు గడియకో తగులుకొని బిడ్డల ప్రాణములు పోయిన దుర్ఘటనలు పలుదేశములలో జరిగినవి. ఐరోపావారు 2004వ సంవత్సరములోనే ఏడేండ్లలోపు బిడ్డల బట్టలకు మెడయొద్దను, టోపీయందును త్రాళ్లు కూడదని ప్రమాణము చేసిరి. రంగుల విషయమున మన దేశమున 1997లోనే హానికరమైన ఆజో రంగులు పెక్కింటిని నిషేధించిరి. కావున రంగునూలు కొనునప్పుడు ఏ రంగని అడుగుట కొనువాని బాధ్యత.

పెరుగు బిడ్డకు ఆరుమాసముల కొక కొలత. ఈ కారణమున మా కుమార్తె గౌను క్రింది అంచున రెండంగుళముల గుడ్డను లోపలికి మడిచి కుట్టించును. బిడ్డ పొడవెదిగినప్పుడు తల్లి ఆ కుట్టు విప్పినచో గౌను మరియొక యేడు వచ్చును. పూర్వము మన తల్లులు పావడాలకు చేసిన యుక్తియే యిది. కత్తిరింపగా మిగిలిన ముక్కలతో బొంతలు కుట్టింతుము. ఇట్లు మేలైన గుడ్డ, మేలైన కుట్టు, వ్యర్థము లేని పని యని మాకు మేమే సంతోషించుకొనుచుంటిమి. మా వ్యాపారము ధర్మబద్ధమైనదని నమ్మియుంటిమి. ఇంతలో ఒక గౌను వెల యెట్లు విడివడునో మాకు తెలిసివచ్చెను.

సభ్యులు ఓపికతో ఈ చిన్నలెక్క వినవలయును. ఒక గౌను వెల 600 రూపాయలనుకొందము. నేతగుడ్డకు 210, కత్తిరించి కుట్టినందుకు 130, గుండీలకు దారమునకు 20, ఉతుకుటకు ఇస్త్రీకి 25, సంచికి రవాణాకు 45, అద్దెకు విద్యుత్తునకు 40, అమ్ముడుపోక మిగిలిన సరకు నష్టమునకు 60. ఇవి యన్నియు కూడిన 530. ఇక మిగిలినది 70 రూపాయలు. దానితోడనే దుకాణదారు కుటుంబము బ్రదుకవలయును, అప్పునకు వడ్డీ కట్టవలయును, మరుసటి నూలునకు బయానా ఈయవలయును. 2017 జూలై 1 నుండి వచ్చిన వస్తుసేవల పన్ను దీనికి వేరు. 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయల వరకు వెలగల దుస్తులకు అది నూటికి 5 వంతున నున్నది.

ఇప్పుడు కొనవచ్చినవారు "నూరు తగ్గించండి మాస్టారూ" అందురు. తప్పు వారిది కాదు, బేరమాడుట లోకాచారము. కాని మిగులు 70 మాత్రమే అయినప్పుడు నూరెక్కడ నుండి తగ్గును? నూలు వెల తగ్గదు, విద్యుత్తు వెల తగ్గదు, పన్ను తగ్గదు. పైపట్టికలో తగ్గుటకు వీలైన పద్దు ఒక్కటే కలదు. అది కుట్టినవారి కూలి. తగ్గించి అడుగువాడు గాని, తగ్గించి యిచ్చువాడు గాని ఆ మాట నోట పలుకడు. అయినను ఆ నూరు రూపాయలు నడిచిపోవు త్రోవ అది యొక్కటే. వెలకు ఉన్న ఈ త్రోవయే గడువునకును కలదు. దానిని మేము మా తప్పు వలననే నేర్చుకొంటిమి.

2017 డిసెంబరులో ఒక పట్టణపు వర్తకుడు సంక్రాంతికని రెండువందల గౌన్లు కోరెను. పదునైదు దినములు గడువు. గడువు దాటిన ప్రతిదినమునకు గౌను ఒక్కింటికి ఐదేసి రూపాయలు కోత. అంతవరకు మేమెన్నడును అంత పెద్ద పని చూడలేదు. మా కుమార్తె సందేహించినది. "నాన్నగారూ, మనకున్నవి మూడు మిషన్లే. మన చేత అవుతుందా?" యని అడిగినది. ఒప్పుకొనుమని చెప్పినది మేమే. మా వసారాలో కుట్టగా మిగిలిన పనిని ఇంటింట కుట్టు స్త్రీలకు పంచితిమి. కాజాలు కుట్టుట, గుండీలు వేయుట, అంచులు చేతితో కుట్టుట వారి పాలు. వర్తకుడు మాకు పెట్టిన నిబంధననే మేము వారికిని పెట్టితిమి. గడువు దాటినచో కోత. కాగితముపై ఆ వాక్యమును చక్కని వ్యాకరణముతో వ్రాసినది మా చేయియే.

పదునొకండవ దినమున రాత్రి ఎనిమిది గంటలకు పని యెంతవరకు వచ్చెనో చూచుటకు మేమును మా కుమార్తెయు ఒక యింటికి పోతిమి. తల్లి మిషనుపై నుండెను. దీపము క్రింద పదునొకండేండ్ల పిల్ల గౌన్లకుప్ప నడుమ కూర్చుండి కాజాలు కుట్టుచుండెను. మమ్ము చూచి తటాలున సూది చాపక్రింద దాచెను. ఏ తరగతియని అడిగితిమి. "ఆరో తరగతి, తాతగారూ" అనెను. బడికి పోవుచున్నావా యన్నచో తల్లివంక చూచెను. తల్లి తలవంచుకొని, "ఆరు రోజులనుంచి పంపలేదు మాస్టారుగారూ, పండగయ్యాక పంపిస్తాను" అనెను. మేము ఉపాధ్యాయుల ధోరణిలో ఏదో చెప్పబోవునంతలో ఆ పిల్లయే అనెను: "మీ గౌన్లే కదా తాతగారూ! గడువులోగా ఇవ్వకపోతే అమ్మకు డబ్బులు కోస్తారంట."

మహాశయులారా! ముప్పదియేండ్లు మేము చేసిన పని యేమి? వేసవి సెలవుల పిమ్మట బడికి రాని బాలుర యిండ్లకు పోయి, కండెలు చుట్టుచున్నవారిని, ఆసు దగ్గర నిలిచినవారిని చేయిపట్టి బడికి తెచ్చుట. అట్టి మేమే ఒక బాలికను బడి మాన్పించితిమి. ఆమె చేతిలోని గౌను సరిగా మా మనుమరాలి కొలత. దాని మెడ గీరరాదని గుడ్డను ముమ్మారు ఉతికించినవారము మేము. ఆ గౌనునకు కాజా కుట్టు పిల్ల వ్రేళ్లను గూర్చి ఒక్కమారైన తలపనివారమును మేమే. మా కుమార్తె ఆ రాత్రి త్రోవ పొడుగున ఒక్కమాటయు పలుకలేదు. ఇల్లు చేరిన పిమ్మట మా కాగితమును తెచ్చి మా ముందుంచి, "ఈ వాక్యం తీసేయండి నాన్నగారూ" అని మాత్రమే అనెను.

మరునాడు వర్తకునికి వర్తమానము పంపితిమి. గడువులో ఇచ్చినవి నూటపది గౌన్లు. మిగిలినవి ఆలస్యమైన పిమ్మట అతడు తీసికొనలేదు. తొంబది గౌన్లు మా బీరువాలోనే ఉండి, ఉగాది దాటువరకు కొద్దికొద్దిగా అమ్ముడుపోయెను. కుట్టినవారికి కూలి మాత్రము కోతలేక ఇచ్చితిమి. ఆ సంవత్సరపు లెక్కలో మాకు నష్టమే మిగిలెను. దానిని మేము దానఖాతాలో వ్రాయలేదు. మా తప్పునకు చెల్లించిన జరిమానాయని వ్రాసికొంటిమి.

ఇది మా యొక్కరి కథ కాదు. 2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశమున ఢాకా చెంతనున్న సావార్ పట్టణములో రాణా ప్లాజా యను భవనము కూలి 1,134 మంది మరణించిరి. ఆ భవనమున పరదేశములకు పోవు దుస్తులు కుట్టు కర్మాగారము లుండెను. ముందునాడే గోడలు బీటలు వారినవి. క్రింది అంతస్తులోని బ్యాంకును మూసిరి. కుట్టుపనివారిని మాత్రము మరునాడు పనిలోనికి పిలిచిరి. సరకు గడువులోగా ఓడ యెక్కవలయును గదా! కూలినది సిమెంటు గోడయే. కాని దాని క్రిందికి మనుష్యులను తోలినవి వెల, గడువు అను రెండే. అంత పెద్దదానిని కూల్చిన బలము మా వసారాలోని ఐదురూపాయల కోతయందును చిన్నరూపమున నున్నది.

దీనికి మారు మార్గము లేదా? రెండువందల యేండ్ల క్రిందట స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలుమిల్లును నడిపిన రాబర్ట్ ఓవెన్ పదియేండ్లలోపు పిల్లలను మిల్లులోనికి తీసికొనక, 1816లో వారికై పాఠశాల తెరచెను. నాటి మిల్లుల యజమానులు పసిపిల్లలను తెల్లవారుజాము నుండి యంత్రములయొద్ద నిలుపుచుండగా అతడీ పని చేసెను. అతని మిల్లు మూతపడలేదు, లాభమునే ఆర్జించెను.

ఇచ్చట మన పెద్దలు కొందరు ఒక ఆక్షేపణ చెప్పుదురు. "మా చిన్ననాట మేమందరము కండెలు చుట్టి, ఆసు పోసి, మగ్గపు గుంటలో దిగి పని నేర్చితిమి. బిడ్డలను పనిముట్టు తాకనీయక పోయిన వృత్తి యెట్లు నిలుచును?" ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. ఇందు సత్యము కలదు. నేత చేతికి వచ్చు విద్యయేగాని పుస్తకమునకు వచ్చునది కాదు. శాసనము కూడ దీనిని గుర్తించినది. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, 14 ఏండ్లలోపు వారిని ఏ పనియందును పెట్టరాదని విధించిరి. అయినను తన కుటుంబపు పనిలో, ప్రమాదము లేనిదానియందు, బడి వేళ దాటిన పిమ్మటనో సెలవులలోనో బిడ్డ తోడ్పడవచ్చునని అందే కలదు. 6 నుండి 14 ఏండ్లవారికి ఉచితముగ నిర్బంధముగ చదువు చెప్పవలయునను చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్నది. ఈ రెంటిని కలిపి చదివినచో మార్గము స్పష్టము. సాయంకాలము తాతప్రక్కన కూర్చుండి నాడె విసరుట నేర్చు బిడ్డ విద్యార్థి. గడువునకై బడిమాని కాజాలు కుట్టు బిడ్డ కూలి. మొదటి బిడ్డ చేతికి పని వచ్చును. రెండవ బిడ్డ చేతినుండి బడిపలక పోవును. రెంటిని ఒక్కపేరుతో పిలిచి మనలను మనము మోసగించుకొనరాదు.

పని బరువైనప్పుడు ఆ బరువును బిడ్డపై నెత్తుటకు బదులు యుక్తితో తగ్గింపవచ్చునని చూపినవారు మనలోనే కలరు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారిని ఎఱుగనివారు ఈ సభలో నుండరు. పోచంపల్లి చీరకు ఆసు పోయుటకు చేతిని వేలమారులు ఇటునటు త్రిప్పి త్రిప్పి తల్లిగారు భుజము నొప్పితో బాధపడుట చూడలేక, చిన్ననాటనే బడిమానిన ఆయన యేండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును నిర్మించి, దానికి తల్లిగారి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని నామకరణము చేసిరి. 2017లో పద్మశ్రీ పురస్కారము నందిరి. తల్లి భుజమును తలచుకొన్న కొడుకు యంత్రమును కనిపెట్టెను. బిడ్డ వ్రేళ్లను తలచుకొన్న తల్లిదండ్రులు ఏదైన చేయలేకపోదురా?

మేము చేసినది స్వల్పము. అప్పుచేసి కాజాలు కుట్టు మిషను నొకదానిని కొంటిమి. ఏ పనికి చిన్నవ్రేళ్లు అక్కరకువచ్చుచుండెనో ఆ పనిని ఇండ్లకు పంపుట మానితిమి. నాలుగు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది, పని ఒప్పుకొనుటకు ముందు కుట్టుదినములను లెక్కించి గడువు చెప్పుట. ఆలస్యమునకు కోత లేదు. రెండవది, గౌను గౌనుకు కూలి యెంతయో పలకపై వ్రాసి అందరికి కనబడునట్లు వ్రేలాడదీయుట, ప్రతి శనివారము చెల్లించుట. మా కత్తిరింపు తప్పువలన చెడిన బట్టకును కూలి తప్పక ఇచ్చుట. మూడవది, ఉదయము పది గంటల నుండి సాయంకాలము నాలుగు వరకే పని. పిల్లలు బడిలోనున్న వేళలోనే తల్లులు మిషనుపై నుండవలయును. నాలుగవది, మాకు తెలియనిదానిని చెప్పి అమ్మకుండుట. ప్రత్తి యెక్కడ పండినదో మాకు తెలియనప్పుడు దానిని గూర్చి గొప్పమాటలు సంచిపై అచ్చువేయము. ఏ మగ్గముపై నేసిరో, ఎవరు కుట్టిరో తెలిసినంతవరకు చెప్పుదుము.

మూడవ నియమము మా కుమార్తె తనకొరకు కూడ పెట్టుకొన్నది. అంతకు ముందు ఆమె ఊరి బిడ్డలందరికి బట్టలు కుట్టించుచు, తన బిడ్డకు అన్నము పెట్టు వేళకు మిషను ముందుండెడిది. బిడ్డ గుడ్డముక్కల కుప్పలోనే నిద్రించెడిది. మా గృహిణి ఒకనాడు, "ఊరందరి పిల్లలకూ అమ్మవయ్యావు, ఇంట్లో దానికి ఎప్పుడవుతావే?" అని అడిగెను. బిడ్డల పేర నడుచు వ్యాపారము ఇంటి బిడ్డను మరచినచో దానిని ధర్మమనుట కుదరదు. నాలుగు కొట్టగానే మిషనులు ఆగును. ఆపుట వలన పోయినది కొంత కలదు, దానిని దాచము. పండుగ ముందు ఇతరులు అమ్మినంత మేము అమ్మలేము. 2020 మార్చిలో కరోనా వలన దేశమంతయు మూతపడినప్పుడు ముక్కగుడ్డలతో ముఖమునకు కట్టు మాస్కులు కుట్టి గడిపితిమి. నేడు మిషనులు ఐదు, కుట్టు స్త్రీలు ఏడుగురు. ఇంతకంటె పెరుగలేదు. మేడలు కట్టలేదు. అప్పు మాత్రము తీరినది.

ఆ పిల్ల యేమాయెనని అడుగుదురు. సంక్రాంతి సెలవుల పిమ్మట బడికి పోయినది. పదవ తరగతి గట్టెక్కినది. ఇప్పుడు నర్సు విద్య చదువుచున్నది. కుట్టుపని తనకు ఇష్టము లేదని మా ముందే నిర్భయముగ చెప్పును. అందు మా గొప్ప యించుకయు లేదు. చదివించినది ఆమె తల్లి. ఆ తల్లి నేడు మా వసారాలో కత్తిరింపు పని చూచుచున్నది. ఇప్పటికిని మేము లెక్కల పుస్తకము తెరచునప్పుడెల్ల చాపక్రింద దాచిన ఆ సూది మా కనులలో మెదలును.

ఇక ఈ మహాసభకు మా మనవి. 2019–20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశమున చేనేతపైన, దాని అనుబంధ పనులపైన 35 లక్షలకు పైగా జనులు ఆధారపడి పనిచేయుచున్నారు. అందు నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. అనగా ఈ పరిశ్రమ తల్లుల చేతులపై నడుచుచున్నది. తల్లికి చాలినంత కూలి దొరకనిచోట బిడ్డ చేయి వచ్చి చేరును. బిడ్డను బడికి పంపుడని తల్లికి బోధించుటకంటె ముందు తల్లి కూలిని సరిచేయుట మన విధి.

మగ్గముల యజమానులారా! పిల్లల బట్టలకు తగిన మెత్తని, వెడల్పు తక్కువగల నూలుగుడ్డను నేయించుడు. చీరలకు గిరాకీ తగ్గిన మాసములలో ఆ మగ్గములు ఊరక నిలువవు. వర్తకులారా! పండుగపని రెండు మాసములు ముందుగా ఇండు. గడువు కోత అను మాటను మీ కాగితముల నుండి కొట్టివేయుడు. దాతలారా! మీరు ప్రతియేట విద్యార్థులకు బహుమతు లిచ్చుచున్నారు. అది పుణ్యకార్యమే. దానితోపాటు కుట్టు స్త్రీల కొక కాజామిషను, నేత కుటుంబమునకు నూలు బయానా వడ్డీలేక ఇచ్చినచో, బహుమతి పొందు స్థితికైన రాకయే బడి మానిపోవు బిడ్డ ఒకడు నిలుచును. కొను తల్లులారా! తండ్రులారా! బేరమాడవలదని మేము చెప్పము. వెల చెప్పినవానిని, కూలి యెంత యిచ్చుచున్నారని ఒక్కమాట అడుగుడు. ఆ ప్రశ్న పదిమంది అడిగిన అంగడిలో కోత నిలువదు.

మన బిడ్డకు పండుగనాడు క్రొత్తబట్ట తొడిగి, నొసట బొట్టుపెట్టి, నూరేండ్లు జీవింపుమని దీవింతుము. మార్కండేయునంతటి ఆయువు కలుగవలయునని కోరుదుము. ఆ బట్ట కాజాలు కుట్టిన యింటను ఒక బిడ్డ యుండును. మన దీవెన ఆ బిడ్డకును చెందినప్పుడే మనము నేసినది వస్త్రము, మనము సాగించినది సంతానము. ఈ రెండు తంతువులు తెగకుండ కాపాడు బుద్ధిని మనకందరకు భగవంతుడు ప్రసాదించుగాక!